నాలుగు వేళ్ళ ఎడం

చారుశీల పడవ దిగినప్పుడు
చెప్పులు చేతిలో, కెమెరా మెళ్ళో,
చంకలో నీలం గుడ్డ తాను.
రేవు బురద ఆమెని మోకాళ్ళ దాకా తీసుకుని
మర్యాదగా వదిలేసింది.

దీవి బొమ్మ చేయడానికొచ్చానంది.
చేసుకో, ఎవరొద్దన్నారు.
ముందొచ్చినోళ్ళు కొంగల్ని గీసుకుపోయారు.
ఒకతను ఉత్త నీళ్ళని గంటసేపు వీడియో తీసి
మంచినీళ్ళడిగి తాగి పోయాడు.

ఈమెకి గీత చాలదంట.
మా వల నూలుతో, మా చేతులతో
నీలం గుడ్డ మీద దీవి అంచు రావాలంట.
రోజుకి నాలుగొందలు, అన్నం మాదే.
నేనూ, తోడికోడలు కావేరమ్మా,
చెవిటి పొన్నమ్మవ్వా కూర్చున్నాం.

అంచు యాడుందమ్మా? అన్నాను.
ఫోన్లో చూపించింది, ఆకాశం నుంచి తీసిన ఫొటో.
మా ఊరు అరిగిపోయిన చెప్పులా ఉంది.
అవ్వ కళ్ళు చిట్లించి చూసి
ఇదెవరిదే, ఒకటే ఉంది? అంది.

అంచంటే ఏ నెల అంచు?
కార్తీకంలో నీళ్ళు బడి మెట్టు దాకా వస్తాయి.
సిలిండరు, పెళ్ళికూతురు, లెక్కల టీచరు,
కోళ్ళ గంప, అన్నీ ఒకే పడవ.
మొగ పూడిన ఏడు, వైశాఖంలో
తడకి బండి మీదే పోతాం, నడి పులికాటులోంచి.
టైరు కింద ఉప్పు పొరలు పటపటమంటాయి.
అప్పుడు మాది దీవి కాదు.
అప్పుడు మాకు పడవ తప్పదు,
బస్సు తప్పుతుంది. అంతే తేడా.

ఇదంతా ఆమె రాసుకుంది.
రాసుకుని, సరే, ఫొటోలో ఉన్నట్టే కుట్టండి అంది.

వల అల్లిన చేతికి గుడ్డ లొంగదు.
వలలో ఖాళీ ముందు, ముడి తర్వాత.
గుడ్డలో ఖాళీయే లేదు,
ప్రతిసారీ పొడిచి అడగాలి.
తొమ్మిది రోజులు పొడిచాం.
పదో రోజు ఈశాన్యం మూల
నాలుగు వేళ్ళంత ఉండగా నూలు అయిపోయింది.
ఆఖరి పడవ కూత వేస్తోంది.
చారుశీల గుడ్డ చుట్టేసుకుని పరిగెత్తింది.

ఒక సంగతి చెప్పడం మరిచాను.
నీళ్ళు ఉండాల్సిన చోట, నట్టనడుమ,
అవ్వ తనంతట తనే ఒక ముడి వేసింది.
అక్కడ ఏ తిట్టా లేదు, రాయీ లేదు.
ఇరవై రెండేళ్ళ కిందట
తాత పడవ ఆ చోటే బోర్లా తేలింది.
చారుశీల అడగలేదు.
నేనూ చెప్పలేదు.

నెల్లూరు ట్రంకు రోడ్డు, మూడో అంతస్తు,
గాజు తలుపులు, చల్లగాలి.
మా దీవిని పైనుంచి దారాలతో వేలాడదీశారు.
కార్డు మీద కావేరమ్మ పేరు కామేశ్వరమ్మైంది.
అవ్వ పేరు కరెక్టుగానే పడింది,
చూడడానికి అవ్వే లేదు.

జనం ఆ నాలుగు వేళ్ళ ఎడం దగ్గర ఆగుతున్నారు.
ఒక గడ్డమాయన అన్నాడు:
ఇదీ అసలు దీవంటే.
మూసుకోని గాయం. వలసకి తెరిచిన వాకిలి.
చారుశీల మెల్లగా తలూపింది.
నావైపు చూసింది, నువ్వు చెప్పక్కా అన్నట్టు.
అందరూ నావైపు తిరిగారు.

నూలు అయిపోయిందని చెప్పబోయాను.
ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.
ఊరుకున్నాను.
ఈశాన్యం నుంచి మాకు దారి లేదు.
ఉన్న దారి పడమర.
అటుపక్క వల్లకాడు, దాని వెనక పీతల బొరియలు.

టీ ఇస్తున్నారని అందరూ అటు పోయారు.
ఫ్యాను గాలికి గుడ్డ అలలు అలలుగా లేస్తోంది,
నిజం నీళ్ళు ఇంత నెమ్మదిగా ఉండవు.
ముట్టుకోరాదు అని బోర్డు.
కొంగుకి చెయ్యి తుడుచుకుని
నట్టనడుమ అవ్వ ముడిని వేలితో తడిమాను.

బిగువుగానే ఉంది.